యూకేలో మెడిసిన్ ఇంటర్వ్యూ: ఇంట్లోనే పిల్లల్ని ఎలా సిద్ధం చేయాలి

మనలో చాలామందికి డాక్టర్ సీటంటే ర్యాంకే. ఎంసెట్ రాశాం, ర్యాంకు వచ్చింది, విజయవాడలో హెల్త్ యూనివర్సిటీ కౌన్సెలింగ్‌కి వెళ్లాం, సీటు తీసుకుని ఇంటికొచ్చాం. "డాక్టర్ ఎందుకు అవ్వాలనుకుంటున్నావు?" అని మధ్యలో ఒక్కరూ అడగలేదు. ఎంసెట్ పోయి నీట్ వచ్చినా అక్కడ పద్ధతి అదే. అందుకే బ్రిటన్‌లో పెరిగిన మన పిల్లలు మెడిసిన్‌కి అప్లై చేస్తే, మార్కుల వరకు దగ్గరుండి చదివిస్తాం, ఇంటర్వ్యూ దగ్గరికి వచ్చేసరికి ఏం చేయాలో తోచక ఏదో కోచింగ్‌కి డబ్బు కట్టి ఊరుకుంటాం.

నేను ఇక్కడ జీపీగా, అంటే ఫ్యామిలీ డాక్టర్‌గా పనిచేస్తున్నాను. చాలా ఏళ్లుగా చలికాలం ఆదివారాల్లో మా చుట్టుపక్కల తెలుగు కుటుంబాల పిల్లలకు ఇంటర్వ్యూ ప్రాక్టీస్ చేయిస్తున్నాను. ఇక్కడి పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చినా చదవడం రాదు. కాబట్టి ఇది అమ్మానాన్నల కోసమే రాస్తున్నాను. మీరు డాక్టర్లు కాకపోయినా ఫర్వాలేదు. ఇంట్లో డైనింగ్ టేబుల్, ఫోన్‌లో టైమర్, పిల్లలు మాట్లాడుతుంటే మధ్యలో అడ్డుపడని ఓపిక ఉంటే చాలు. ఈ మూడింటిలో కష్టమైనది మూడోదే.

1. ఏ ఇంటర్వ్యూకి వెళ్తున్నారో ముందు తెలుసుకోండి

యూనివర్సిటీలకు అప్లికేషన్లు వెళ్లేది యూకాస్ అనే సంస్థ ద్వారా. మెడిసిన్‌కి యూకాస్ గడువు అక్టోబర్ 15. నాలుగు మెడికల్ స్కూళ్లకే అప్లై చేయవచ్చు, ఐదో ఆప్షన్‌గా వేరే కోర్సు పెట్టుకోవచ్చు. మెడిసిన్ ప్రవేశ పరీక్ష యూక్యాట్ అప్పటికే అయిపోయి ఉంటుంది. అలాంటిదే ఇంకో పరీక్ష బీమ్యాట్ 2023తో ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు దాదాపు అందరికీ యూక్యాటే. ఇంటర్వ్యూలు ఎక్కువగా డిసెంబర్ నుంచి మార్చి దాకా జరుగుతాయి.

ఇంటర్వ్యూలు రెండు రకాలు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో డిసెంబర్‌లో ప్రొఫెసర్లు సైన్స్ మీద ప్రశ్నలు వేస్తారు. ఒక గ్రాఫ్ చూపించి "ఇది ఇలా ఎందుకుంది?" అంటారు, చెప్పిన జవాబు మీద ఇంకో ప్రశ్న వేస్తారు. మిగతా స్కూళ్లలో ఎక్కువ చోట్ల ఎంఎంఐ (మల్టిపుల్ మినీ ఇంటర్వ్యూ) పద్ధతి. కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో పుట్టిన పద్ధతి ఇది. ఒకే ఇంటర్వ్యూ అయితే ఒకరిద్దరి అభిప్రాయం మీదే అంతా ఆధారపడుతుందని, దాన్ని చిన్న చిన్న స్టేషన్లుగా విడగొట్టారు. ఒక్కో స్టేషన్‌కి ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు. బయట ప్రశ్న చదువుకోవడానికి ఒకటి రెండు నిమిషాలు ఇస్తారు, బెల్ కొడితే లోపలికి వెళ్లాలి, మళ్లీ కొడితే తర్వాతి గదికి వెళ్లాలి. ఒకచోట నైతిక సమస్య, ఒకచోట నటుడితో సంభాషణ, ఒకచోట లెక్క, ఒకచోట "మెడిసినే ఎందుకు?" ఉంటాయి.

ఈ ఏర్పాటులో పిల్లలకు కలిసొచ్చే విషయం ఒకటుంది. ప్రతి స్టేషన్‌లోనూ మార్కులు వేసే మనిషి వేరు. మూడో గదిలో తడబడ్డ సంగతి నాలుగో గదిలో ఉన్నవారికి తెలియదు. దీన్ని మొదటి రోజే చెప్పండి, మళ్లీ మళ్లీ చెప్పండి.

నాలుగు స్కూళ్ల వెబ్‌సైట్లూ తెరిచి, ఏ పద్ధతి, ఎన్ని స్టేషన్లు, ఆన్‌లైనా లేక అక్కడికి వెళ్లాలా, వాళ్లు చూస్తామని చెప్పిన గుణాలేమిటి అనేవి ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. చాలా స్కూళ్లు దేనికి మార్కులు వేస్తాయో తామే రాసిపెడతాయి. అది చదవకుండా వేరేచోట కొన్న ప్రశ్నల పుస్తకాలు తిరగేయడం దండగ.

2. అనుభవాల పుస్తకం

ఇంటర్వ్యూ తేదీ రాకముందే, వీలైతే పదకొండో తరగతి అయ్యాక వేసవిలోనే మొదలుపెట్టాల్సిన పని ఇది. కేర్ హోమ్‌లో వాలంటీరింగ్, ఛారిటీ షాపులో పని, హాస్పిటల్‌లో వర్క్ ఎక్స్‌పీరియన్స్, తమ్ముడికి లెక్కలు చెప్పడం, ఏదైనా సరే. వెళ్లొచ్చిన రోజు రాత్రే పది లైన్లు రాయాలి. ఏం చూశాను, నాకేమనిపించింది, దానివల్ల తర్వాత నేను చేసే పనిలో ఏం మారింది. ఈ మూడోదాన్నే ఇక్కడ రిఫ్లెక్షన్ అంటారు. మార్కులు ఎక్కువగా దానికే.

మా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి ఆరు నెలలు శనివారాలు కేర్ హోమ్‌లో టీ ఇచ్చాడు. "కమ్యూనికేషన్, టీమ్‌వర్క్ నేర్చుకున్నాను" అని చెప్పాడు. ఆ మాట వందమంది చెబుతారు. "టీ ఎలా ఇచ్చేవాడివి, ఒక్క మనిషి గురించి చెప్పు" అని అడిగాను. అప్పుడు బయటికొచ్చింది. అక్కడ ఒక పెద్దావిడ రెండు పిడుల ప్లాస్టిక్ కప్పులో టీ పోస్తే తాగేది కాదు, చల్లారాక అలాగే తీసేసేవారు. మూడో వారం వీడు ఆమె పక్కన కూర్చుని అడిగాడు. "నేను చిన్నపిల్లనా?" అందట. ఆమె ఇంట్లో పింగాణీ కప్పులోనే తాగేదట. వీడు వెళ్లి నర్సుని అడిగాడు. మింగడంలో ఆమెకు ఇబ్బంది లేదు, చేతులు వణుకుతాయని మాత్రమే ఆ కప్పు పెట్టారని తెలిసింది. అప్పటినుంచి పింగాణీ కప్పులో సగమే పోసి ఇచ్చారు. ఆమె తాగింది.

ఇందులో అన్నీ ఉన్నాయి. గమనించడం, అడగడం, సొంతంగా నిర్ణయం తీసుకోకుండా తెలిసినవాళ్లని సంప్రదించడం, మనిషి గౌరవం, ప్రమాదం. ఆరు నెలలు పనిచేసి ఈ ఒక్క కప్పు సంగతి చెప్పకుండా "టీమ్‌వర్క్" అని సరిపెట్టబోయాడు. మీ పిల్లల దగ్గర ఇలాంటివి ఉంటాయి. అడిగేవాళ్లు లేక బయటికి రావు. మీరు అడగండి.

ఇంకో మాట. సెలవుల్లో ఇండియా వెళ్లినప్పుడు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో బాబాయి హాస్పిటల్‌లో వారం రోజులు ఆపరేషన్లు చూశామని చాలామంది పిల్లలు గొప్పగా చెబుతారు. అక్కడ చూడటం తప్పు కాదు. కానీ ఇంటర్వ్యూలో వెంటనే వచ్చే ప్రశ్న, "నువ్వెవరో రోగికి చెప్పారా? నువ్వు చూడటానికి ఆయన ఒప్పుకున్నాడా?" అనేది. దానికి జవాబు లేకపోతే ఆ అనుభవం ఎదురు తిరుగుతుంది. చెప్పలేదు అన్నదే నిజమైతే ఆ నిజమే చెప్పాలి, ఇప్పుడు అది ఎందుకు తప్పనిపిస్తోందో కూడా చెప్పాలి. అలా చెప్పిన పిల్లలకు మంచి మార్కులే వస్తాయి.

3. "మెడిసినే ఎందుకు?"

"మా అమ్మ డాక్టర్", "చిన్నప్పటి కల", "మనుషులకు సాయం చేయడం ఇష్టం." ఈ మూడూ నిజమే కావచ్చు, కానీ మూడూ చాలవు. సాయం నర్సూ చేస్తుంది, ఫిజియోథెరపిస్టూ చేస్తాడు, బస్సు డ్రైవరూ చేస్తాడు. డాక్టర్ పనిలో ప్రత్యేకంగా ఏముందో, అంటే అనిశ్చితిలో నిర్ణయం తీసుకోవడం, దాని బాధ్యత మోయడం, జీవితాంతం చదువుతూనే ఉండటం, ఇవి తాను ఎక్కడ చూశాడో చెప్పాలి. ఆ పనిలో కష్టం కూడా చెప్పాలి. రాత్రి డ్యూటీలు, నిడివైన ట్రైనింగ్, తప్పు జరిగితే పడే వేదన. ఒక్క కష్టమూ చెప్పకుండా మెచ్చుకుంటూ పోతే, ఈ ఉద్యోగం గురించి తెలియదనే అనుకుంటారు.

4. నైతిక ప్రశ్నలు

పిల్లలు ఎక్కువగా భయపడేది వీటికే, మనం ఎక్కువగా సాయపడగలిగేదీ ఇక్కడే.

నాలుగు సూత్రాలు అందరూ నేర్చుకుంటారు. 1979లో బోషాంప్, చిల్డ్రెస్ అనే ఇద్దరు అమెరికన్ పండితులు ముందుకు తెచ్చినవి. ఆటానమీ అంటే తన శరీరం గురించి రోగి తానే నిర్ణయించుకోవడం. బెనిఫిసెన్స్ అంటే మేలు చేయడం. నాన్ మాలెఫిసెన్స్ అంటే కీడు చేయకపోవడం. జస్టిస్ అంటే ఉన్న వనరుల్ని అందరికీ న్యాయంగా పంచడం. ఇవి తెలిసి ఉండాలి. కానీ ఇవి పనిముట్లు మాత్రమే, వాటి పేర్లు అప్పజెబితే జవాబైపోదు.

నేను ప్రతి ఏడాదీ అడిగే ప్రశ్న ఒకటుంది. రోగికి 78 ఏళ్లు, ఇంగ్లీషు రాదు. స్కాన్‌లో పేగు క్యాన్సర్ అని తేలింది. డాక్టర్ లోపలికి వెళ్లబోతుంటే కొడుకు కారిడార్‌లో ఆపి, "నాన్నకు చెప్పొద్దు డాక్టర్, తట్టుకోలేరు" అన్నాడు. నువ్వేం చేస్తావు?

ఒక జనవరిలో ఒకమ్మాయి దీనికి నలభై సెకన్లలో జవాబు చెప్పేసింది. ఆటానమీ ప్రకారం రోగికి తెలుసుకునే హక్కుంది కాబట్టి చెప్పేస్తాను, అంతే. ఇంకా నాలుగు నిమిషాలు మిగిలున్నాయి. "ఆ కొడుకుతో ఏమంటావు?" అన్నాను. "రూల్స్ ఒప్పుకోవంటాను" అంది. "ఆ కొడుకు మీ నాన్నే అయితే?" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. రెండేళ్ల కిందట వాళ్ల తాతగారికి ఊళ్లో ఇలాగే అయిందట. ఇంట్లో అందరూ "కడుపులో చిన్న గడ్డ, మందులకు కరిగిపోతుంది" అని చెప్పారట. చివరి నెలలో ఆయన ఈ పిల్లతో ఫోన్‌లో, "నాకంతా తెలుసమ్మా. వీళ్లు బాధపడతారని నేనే అడగట్లేదు" అన్నారట. ఆయనా వాళ్లూ ఒకరి నుంచి ఒకరు దాచుకుంటూ ఆ నెల గడిపేశారు. ఆ మాట చెప్పాక ఆ అమ్మాయి అదే ప్రశ్నకు మళ్లీ జవాబు చెప్పింది. ఈసారి ఐదు నిమిషాలు చాలలేదు.

మంచి జవాబు ఎలా నడుస్తుందో చూడండి. ముందు కొడుకు మాట వినాలి. ఆయన భయమేమిటి? నాన్నకు ఇదివరకు డిప్రెషన్ వచ్చిందా? అమ్మ పోయినప్పుడు ఏమైనా జరిగిందా? ఆయన ప్రేమతోనే అడుగుతున్నాడు, ఆ ప్రేమను తోసేయకూడదు. తర్వాత, పెద్దాయన ఏం కోరుకుంటున్నాడో ఎవరైనా ఆయన్ని అడిగారా? "మీ పరీక్షల ఫలితాలు వచ్చాయి. అన్నీ మీకే వివరంగా చెప్పమంటారా, లేక ఎవరితోనైనా మాట్లాడమంటారా?" అని ఆయన్నే అడగవచ్చు. "నాకొద్దు బాబూ, మా వాడికి చెప్పండి" అని ఆయనే అంటే అది కూడా ఆయన నిర్ణయమే. బలవంతంగా చెవిలో వేయడం ఆటానమీ కాదు. అయితే చికిత్సకు ఒప్పుకోవాలంటే కనీసం తెలియాల్సింది తెలియాలి. కుటుంబం అడిగిందన్న ఒక్క కారణంతో దాచడం మాత్రం కుదరదు. ఇక్కడి డాక్టర్లను నియంత్రించే జీఎంసీ మార్గదర్శకాలు చెప్పేదీ అదే. చెబితే తీవ్రమైన హాని జరుగుతుందని డాక్టర్ నమ్మితే తప్ప దాచకూడదు, బాధపడతాడన్నది తీవ్రమైన హాని కిందికి రాదు. ఇక ఇంగ్లీషు రాదు కాబట్టి అనువాదం కొడుకుతో చేయించకూడదు, ప్రొఫెషనల్ ఇంటర్‌ప్రెటర్‌ని పిలవాలి. కొడుకు చెబితే "క్యాన్సర్" అన్నది "గడ్డ" అయిపోవచ్చు. ఇది మన ఇళ్లల్లో అందరికీ తెలిసిన సంగతే. ఇంటర్వ్యూలో ఈ ఒక్క మాట చెబితే, ఈ పిల్లకు నిజమైన మనుషులు తెలుసని పరీక్షకుడికి అర్థమవుతుంది.

ఈ వరసే ప్రతి ప్రశ్నకూ పనికొస్తుంది. నాకు ఇంకా ఏం తెలియాలి? ఇందులో ఎవరెవరు ఉన్నారు, ఒక్కొక్కరికి ఏం కావాలి? నా ముందున్న దారులేమిటి, ఒక్కోదానివల్ల మేలేమిటి, కీడేమిటి? చట్టం, జీఎంసీ ఏమంటాయి? ఎవరిని సంప్రదిస్తాను? చివరికి నేనేం చేస్తాను? ఈ చివరిది మర్చిపోయే పిల్లలు చాలామంది. రెండువైపులా చెప్పి మధ్యలో ఆగిపోతారు. ఏదో ఒక నిర్ణయం చెప్పాలి, ఎందుకో చెప్పాలి, కొత్త విషయం తెలిస్తే మార్చుకోవడానికి సిద్ధంగా ఉండాలి.

చట్టం పాఠాల్లా చదవక్కర్లేదు గానీ కొన్ని కథలు తెలియాలి.

గిలిక్ కేసు, 1985. పదహారేళ్ల లోపు ఆడపిల్లలకు తల్లిదండ్రుల అనుమతి లేకుండా గర్భనిరోధక సలహా ఇవ్వకూడదని విక్టోరియా గిలిక్ అనే తల్లి కోర్టుకెళ్లింది. అప్పటికి అత్యున్నత కోర్టుగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒప్పుకోలేదు. విషయాన్ని పూర్తిగా అర్థం చేసుకునే తెలివీ పరిపక్వతా ఉంటే పదహారు నిండకపోయినా ఆ పిల్ల తానే ఒప్పుకోవచ్చంది. 15 ఏళ్ల అమ్మాయి, గర్భనిరోధక మాత్రలు, "అమ్మకు చెప్పొద్దు" అన్న ప్రశ్న తరచూ వస్తుంది. ఇంట్లో అమ్మానాన్నలు ఎదురుగా ఉండగా మన పిల్లలు దీనికి నోరు విప్పరు. మీరే తేలిగ్గా మొదలుపెట్టండి, లేకపోతే వేరే పెద్దవాళ్లతో ప్రాక్టీస్ చేయించండి. అమ్మకు చెప్పేలా ఆ పిల్లను ప్రోత్సహించడం, ఎవరైనా బలవంతపెడుతున్నారేమో కనిపెట్టడం మంచి జవాబులో ఉండాలి.

మాంట్‌గోమెరీ కేసు, 2015. స్కాట్లాండ్‌లో నడిన్ మాంట్‌గోమెరీకి మధుమేహం, మనిషి పొట్టి. కాన్పులో బిడ్డ భుజం ఇరుక్కునే ప్రమాదం ఆమె విషయంలో 9 నుంచి 10 శాతం ఉన్నా డాక్టర్ చెప్పలేదు. చెబితే సిజేరియన్ అడుగుతారని అనుకుంది. 1999లో పుట్టిన బాబుకు మెదడు దెబ్బతింది. సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పిచ్చింది. తోటి డాక్టర్లు ఏం చెప్పి ఉండేవారన్నది కాదు, ఆ స్థానంలో ఉన్న రోగికి ఏది ముఖ్యమో అది చెప్పాలంది. అనుమతి పత్రం మీద సంతకం తీసుకోవడం వేరు, అనుమతి తీసుకోవడం వేరు అని దీంతో పిల్లలకు బాగా ఎక్కుతుంది.

మెంటల్ కెపాసిటీ యాక్ట్, 2005. ఇది ఇంగ్లండ్, వేల్స్‌లకు వర్తిస్తుంది, స్కాట్లాండ్‌కి వేరే చట్టముంది. మనిషి విషయం అర్థం చేసుకోగలగాలి, గుర్తుంచుకోగలగాలి, బేరీజు వేసుకోగలగాలి, తన నిర్ణయం తెలపగలగాలి. ఈ నాలుగూ ఉంటే, ఆ నిర్ణయం మనకు తెలివితక్కువగా కనిపించినా అది ఆయన హక్కు. తన మతం ఒప్పుకోదని రక్తం ఎక్కించుకోనన్న యెహోవా సాక్షి (ఒక క్రైస్తవ శాఖ మనిషి) ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుంది.

గోప్యత గురించి ఒక్క ఉదాహరణ చాలు. మూర్ఛవ్యాధి ఉన్న డ్రైవర్ వద్దంటున్నా కారు నడుపుతున్నాడు. ముందు అతనికి నచ్చజెప్పాలి, లైసెన్సులిచ్చే డీవీఎల్‌ఏకి తానే చెప్పుకోమనాలి. అయినా వినకపోతే, రోడ్డుమీద ఇతరుల ప్రాణాల కోసం డాక్టరే చెప్పవచ్చు, ఆ సంగతి ముందుగా అతనికి తెలియజేసి. ఈ మెట్లు వరసగా చెప్పడమే జవాబు. మొదటి మెట్టు మీదే ఫోన్ తీసేవాళ్లకూ, ఎన్నటికీ తీయనివాళ్లకూ మార్కులు రావు.

5. ఆరోగ్య వ్యవస్థ, వార్తలు

ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ 1948 జూలై 5న మొదలైంది, అప్పటి ఆరోగ్యమంత్రి అనైరిన్ బెవన్. అందరికీ, వైద్యం అందేచోట ఉచితంగా, జేబు చూసి కాక అవసరాన్ని బట్టి. ఈ మూడు మాటల దగ్గర మొదలుపెడితే మిగతా వార్తలన్నీ అర్థమవుతాయి. వెయిటింగ్ లిస్టులు ఎందుకు బాధిస్తాయి? అవసరాన్ని బట్టి అన్న మాట నిలవడం లేదు కాబట్టి. 18 వారాల్లో చికిత్స మొదలవ్వాలన్నది లక్ష్యం. 2023 సెప్టెంబర్‌లో ఇంగ్లండ్ లిస్టు దాదాపు 77 లక్షలకు చేరింది.

అన్ని వార్తలూ చదవలేరు, అక్కర్లేదు కూడా. నాలుగైదు ఎంచుకుని లోతుగా తెలుసుకుంటే చాలు. ఇప్పుడు నేను ఎంచుకోమనేవి ఇవి.

ఒకటి, రెసిడెంట్ డాక్టర్ల సమ్మెలు. 2024 సెప్టెంబర్ దాకా జూనియర్ డాక్టర్లనేవారు, పాత పేరు వాడితే వార్తలు చూడటం లేదని తెలిసిపోతుంది. సమ్మె చేయవచ్చా అన్నదానికి రోగికి హాని, డాక్టర్లు వెళ్లిపోతే దీర్ఘకాలంలో జరిగే హాని, రెండూ తూచాలి.

రెండు, 2025 జూలైలో వచ్చిన పదేళ్ల ప్రణాళిక. ఆసుపత్రి నుంచి ఇంటి దగ్గరికి, కాగితాల నుంచి డిజిటల్‌కి, చికిత్స నుంచి నివారణకి మళ్లాలంటోంది. ఇందులో ఏదో ఒకదాన్ని తాను చూసిన మనిషికి ముడిపెట్టి చెప్పగలగాలి. డిజిటల్ అన్నప్పుడు స్మార్ట్‌ఫోన్ వాడలేని అమ్మమ్మ గుర్తుకు రావాలి.

మూడు, ప్రాణాంతక రోగులకు మరణంలో సాయపడే బిల్లు. 2025 జూన్ 20న పార్లమెంటు దిగువ సభ కామన్స్‌లో 314కి 291 ఓట్లతో నెగ్గి ఎగువ సభ లార్డ్స్‌కి వెళ్లింది. ఆరు నెలలలోపు చనిపోతారనుకునే పెద్దవాళ్లకే అన్న నియమం, ఇద్దరు డాక్టర్లు చూడాలన్న నియమం తెలిసుండాలి. మతవిశ్వాసం వల్ల వ్యతిరేకించే పిల్లలు ఆ మాట నిజాయితీగా చెప్పవచ్చు. అవతలివారి బాధను కూడా అదే గౌరవంతో చెప్పగలగాలి. ఇలాంటి విషయాలు కదులుతూనే ఉంటాయి కాబట్టి ఇంటర్వ్యూ ముందు రోజు ఒకసారి తాజా వార్త చూసుకోవాలి.

నాలుగోది ఆరోగ్యంలో అసమానతలు. దీనిమీద మన పిల్లలు అందరికన్నా బాగా మాట్లాడగలరు. దక్షిణాసియా వాళ్లకు టైప్ 2 మధుమేహం ఎక్కువ, అదీ తక్కువ బరువులోనే వస్తుంది. అందుకే ఇతరులకు బీఎంఐ 25 దగ్గర మొదలయ్యే హెచ్చరిక మనకు 23 దగ్గరే మొదలవుతుంది. అవయవదానంలో కూడా అంతే. వేల్స్ 2015లో, ఇంగ్లండ్ 2020 మేలో చట్టం మార్చాయి, వద్దని చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. అయినా డాక్టర్లు కుటుంబాన్ని అడుగుతారు, కుటుంబం కాదంటే ఆగిపోతుంది. మన సమాజాల్లో దాతలు తక్కువ, కిడ్నీకి సరిపోలిక మన వాళ్లతోనే ఎక్కువ కుదురుతుంది, ఎదురుచూపులు పెరుగుతాయి. ఈ విషయం ఇంట్లో భోజనం దగ్గర ఒక్కసారైనా మాట్లాడారా? మాట్లాడండి. ఇంటర్వ్యూ సంగతి అలా ఉంచి, మీ కోరిక మీ పిల్లలకు తెలియడం దానికదే అవసరం.

ఇండియా గురించి కూడా చెప్పవచ్చు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పేద కుటుంబాలకు ప్రైవేటు ఆసుపత్రుల్లో కూడా పెద్ద చికిత్సల ఖర్చు భరించింది. ఎన్‌హెచ్‌ఎస్‌తో పోలిస్తే తేడా ఎక్కడుంది? ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు దృష్టి ఆపరేషన్లు, ఆసుపత్రి చికిత్సల మీద ఉండేది. ఇక్కడ జీపీ దగ్గరి నుంచే వ్యవస్థ మొదలవుతుంది. తాతయ్య ఊళ్లో మొదట వెళ్లేది ఆర్‌ఎంపీ దగ్గరికేనని చూసిన పిల్లవాడు ఈ తేడాను పుస్తకం లేకుండా చెప్పగలడు. అక్కడంతా చెడు, ఇక్కడంతా మంచి అనో, దానికి ఎదురుగానో తీర్పులు ఇవ్వకుండా చూసుకోండి.

రోజూ రాత్రి భోజనం దగ్గర పది నిమిషాలు ఒక వార్త. మీరు ఒకవైపు, పిల్లలు రెండోవైపు. మర్నాడు వైపులు మార్చుకోండి. పిల్లలు మీతో వాదించి గెలిస్తే ఎదురు మాట్లాడారని కోప్పడకండి. మన ఇళ్లలో పెద్దలతో విభేదించడం పిల్లలకు అలవాటుండదు. ఇంటర్వ్యూలో ప్రొఫెసర్ కావాలని వ్యతిరేకిస్తే వెంటనే "అవును సర్, మీరే కరెక్ట్" అనేస్తారు. మర్యాదగా నిలబడటం ఈ టేబుల్ దగ్గరే నేర్చుకోవాలి.

6. మాట్లాడటం, వినడం

ఎదురుగా నటుడు ఉంటాడు. నువ్వు రివర్స్ చేస్తూ పక్కింటావిడ పిల్లిని కారుతో గుద్దేశావు, వెళ్లి చెప్పు. లేదా, పరీక్ష తప్పిన స్నేహితుడిని ఓదార్చు. మందుల పరిజ్ఞానం ఏమీ అక్కర్లేదు. ముందు కూర్చోబెట్టాలి, చెడ్డవార్త ఉందని హెచ్చరించాలి, స్పష్టంగా ఒక్క వాక్యంలో చెప్పాలి, ఆ తర్వాత నోరు మూసుకోవాలి. ఈ నిశ్శబ్దమే పిల్లలకు చేతకాదు. రెండు సెకన్లు ఆగి మళ్లీ సంజాయిషీలు మొదలుపెడతారు. మీరు పక్కింటావిడగా నటించండి, ఏడవండి, అరవండి, మొహం తిప్పుకోండి. పది సెకన్లు మాట్లాడకుండా ఉండగలగాలి.

దీనికి మా ఇంట్లో మొదలైన ఒక అభ్యాసం ఇప్పుడు అందరికీ చెబుతున్నాను. అమ్మమ్మకు వీడియో కాల్ చేసి, బాగానే ఉన్నా బీపీ మాత్ర రోజూ ఎందుకు వేసుకోవాలో తెలుగులో చెప్పమనండి. వచ్చీరాని తెలుగులో పెద్ద పదాలు దొరకవు కాబట్టి పైపు, నీళ్లు, ఒత్తిడి అంటూ పోలికలు వెతుక్కుంటారు. అమ్మమ్మ ఊరుకోదు, "మరి తల తిరగనప్పుడు కూడా వేసుకోవాలా?" అని అడుగుతుంది. చివర్లో "నేను చెప్పింది నువ్వు ఒకసారి చెప్పు అమ్మమ్మా" అనాలి. ఆమె తిరిగి చెప్పింది తప్పైతే తప్పు ఈ పిల్లది. మేం క్లినిక్‌లో రోజంతా చేసేది ఇదే.

7. చివరి నాలుగు వారాలు

వారానికి రెండు మాక్ ఇంటర్వ్యూలు చాలు. ఒకటి ఇంట్లో, ఒకటి పెద్దగా పరిచయం లేని పెద్దవాళ్లతో. స్కూల్ టీచర్, గుళ్లో పరిచయమైన ఫార్మసిస్టు, ఎవరైనా సరే. రెండు నిమిషాలు చదవడం, ఆరు నిమిషాలు మాట్లాడటం, టైమర్ మోగగానే మధ్యలోనైనా ఆపేయడం. ఫోన్‌లో రికార్డు చేసి పిల్లలనే చూడనివ్వండి. తప్పులు మీరు ఎత్తిచూపకండి, వాళ్లకే కనిపిస్తాయి. వినాలని వాళ్లు అడిగితే, బాగున్నది ఒకటి, మార్చుకోవాల్సింది ఒకటి చెప్పండి, మూడోది వద్దు.

లెక్కల స్టేషన్ ఉండే స్కూళ్లకు కాలిక్యులేటర్ లేకుండా కొన్ని చేయించండి. కిలోకి 15 మిల్లీగ్రాముల చొప్పున 20 కిలోల పిల్లాడికి మందు ఇవ్వాలి, సిరప్ 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములు ఉంది, ఎంత పోయాలి? 300 మిల్లీగ్రాములు కావాలి, అంటే పన్నెండున్నర మిల్లీలీటర్లు. జవాబు కన్నా లెక్క బయటికి చెబుతూ చేయడం, చివర్లో "ఇది సబబుగా ఉందా?" అని సరిచూసుకోవడం ముఖ్యం.

జవాబులు బట్టీ పట్టించే కోచింగ్‌లకు పంపకండి. ఒక ఏడాది మా దగ్గరికొచ్చిన ముగ్గురు పిల్లలు "నేను ఎదుర్కొన్న సవాలు" అన్న ప్రశ్నకు ఒకే కథను, ఒకే మాటలతో చెప్పారు. ముగ్గురూ వేర్వేరు ఊళ్లవాళ్లు, డబ్బు కట్టింది ఒకేచోట. ముగ్గురికీ చెప్పుకోవడానికి సొంత కథలున్నాయి, వాటిని ఎవరూ అడగలేదు. నాకు ఆ రోజు చాలా బాధేసింది.

8. ఆ రోజు

గుర్తింపు కార్డు, అడిగిన కాగితాలు, సౌకర్యంగా ఉండే శుభ్రమైన బట్టలు. దూరమైతే ముందురోజే వెళ్లి పడుకోండి, జనవరి మంచులో ఉదయం రైళ్లను నమ్ముకోవద్దు. ఆన్‌లైన్ అయితే వెలుతురు మొహం మీద పడేలా కూర్చోబెట్టి, ఇంట్లో మిగతావాళ్లు వైఫై వాడకుండా, కుక్కర్ విజిల్ వేయకుండా చూసుకోండి. టెన్షన్‌లో ప్రశ్న అర్థం కాకపోతే "ఇంకోసారి చెబుతారా?" అని అడగవచ్చు, ఆలోచించడానికి పది సెకన్లు తీసుకోవచ్చు. అలా అడిగితే తక్కువేం కాదని ముందే చెప్పండి.

బయటికి రాగానే కారులో "ఏమడిగారు, నువ్వేం చెప్పావు?" అని మొదలుపెట్టకండి. తినడానికి ఏదైనా పెట్టండి. ఆ రాత్రి వాళ్లంతట వాళ్లు ఎక్కడ తడబడ్డారో పుస్తకంలో రాసుకుంటారు, తర్వాతి ఇంటర్వ్యూకి అది పనికొస్తుంది. ప్రశ్నలు ఇతరులకు చెప్పకూడదని చాలా స్కూళ్లు సంతకం తీసుకుంటాయి. మీ వాట్సాప్ గ్రూపులో అవి పెట్టమని ఎవరడిగినా పెట్టనివ్వకండి.

మే నెల మధ్యకల్లా జవాబులు వచ్చేస్తాయి. నాలుగూ కాదన్నా, మళ్లీ అప్లై చేసి సీటు తెచ్చుకున్న పిల్లలు నాకు చాలామందే తెలుసు. ఏ స్కూలైనా స్టేషన్లవారీగా మార్కులు పంపితే ఆ కాగితాన్ని జాగ్రత్తగా దాచండి. కిందటేడాది ఒకబ్బాయి అలాంటి కాగితమే తెచ్చి మా టేబుల్ మీద పెట్టాడు. అన్నింట్లో మంచి మార్కులే ఉన్నాయి, నటుడితో మాట్లాడే స్టేషన్లో మాత్రం బాగా తక్కువ. మిగతావన్నీ పక్కనపెట్టి, రెండు నెలలు ఆ ఒక్కటే చేశాం.